అప్పు చేయకుండా జపాన్ చూసి రావచ్చా?

ప్రశ్న: మేము హైదరాబాద్‌లో ఉంటాం. ఇద్దరం ఉద్యోగులం, పాపకు పదేళ్లు. వచ్చే వేసవి సెలవుల్లో జపాన్ వెళ్లాలనుకుంటున్నాం. టోక్యో, ఫుజి పర్వతం, క్యోటో, నారా, హిరోషిమా, వీలైతే హొక్కైడో కూడా చూడాలని పాప పట్టు. ఒక ట్రావెల్ సంస్థ 12 రోజులకు ముగ్గురికీ కలిపి రూ.7.6 లక్షలు అడుగుతోంది. మా దగ్గర రూ.4.5 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. ఇంటి ఖర్చు నెలకు 55 వేలు. పాప చదువు కోసం 25 వేలు సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టుబడి) కడుతున్నాం, అది పోను 20 వేలు మిగులుతాయి. మార్చిలో మావారికి లక్ష దాకా బోనస్ రావచ్చు. పర్సనల్ లోన్ తీసుకోవాలా, సిప్ సొమ్ము వెనక్కి తీయాలా? సొంతంగా వెళ్తే 14 రోజుల రైలు పాస్ కొనుక్కోమని స్నేహితులు చెబుతున్నారు. నిజంగా లాభమేనా?

జవాబు: ముందుగా అప్పు సంగతి తేల్చేద్దాం. రూ.5 లక్షలు 12 శాతం వడ్డీకి మూడేళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు రూ.16,600 కట్టాలి. మొత్తం వడ్డీ రూ.98 వేల దాకా అవుతుంది. తిరిగేది 12 రోజులు, కట్టేది 36 నెలలు. నెలకు మీకు మిగిలేదే 20 వేలు కాబట్టి, ఆ మూడేళ్లలో ఇంట్లో ఫ్రిజ్ పాడైనా మళ్లీ అప్పే. ఇక సిప్ జోలికి వెళ్లకండి. పాప చదువు డబ్బుతో పాపనే విహారానికి తీసుకెళ్లడం మీకూ నచ్చదనుకుంటాను.

ఇప్పుడు నెల. జపాన్ అనగానే అందరూ చెర్రీ పూలంటారు. టోక్యో, క్యోటోల్లో అవి పూసేది మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో. అప్పుడు మీ పాపకు పరీక్షలు, అక్కడ హోటల్ గదులకు నిప్పు ధరలు. మన సెలవులు మొదలయ్యే ఏప్రిల్ చివరి వారం ఇంకా ప్రమాదం. ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా వాళ్లకు వరుస సెలవులు, గోల్డెన్ వీక్ అంటారు. దేశమంతా ఊళ్ల మీద పడుతుంది. అది ముగిసి జనం ఇళ్లకు చేరాక, జూన్‌లో వానలు పట్టుకోకముందు ఒక సందు ఉంది. మే 8, 10 తేదీల్లో బయల్దేరితే ఎండ ఉండదు, వాన తక్కువ, గదులూ దొరుకుతాయి.

మీ జాబితాలో నేను కొట్టేసే పేరు ఒకటే, హొక్కైడో. షింకాన్‌సెన్, అంటే బులెట్ రైలు, అక్కడి ప్రధాన నగరం సప్పొరో దాకా ఇంకా వెళ్లదు. టోక్యో నుంచి నాలుగు గంటలు ప్రయాణించి హకొదాతె దగ్గర దిగి, అక్కడి నుంచి మామూలు ఎక్స్‌ప్రెస్‌లో మరో మూడున్నర గంటలు కూర్చోవాలి. పన్నెండు రోజుల్లో అది అత్యాశ. పాపకు ఎలా నచ్చచెబుతారో మీ ఇష్టం.

రైలు పాస్ గురించి మీ స్నేహితులు చెప్పింది అబద్ధం కాదు, పాతబడిన మాట. 2023 అక్టోబర్ ముందు ఏడు రోజుల పాస్ 29,650 యెన్‌లు. కళ్లు మూసుకుని కొనుక్కోమనే నేనూ చెప్పేవాణ్ని. ఆ నెలలో ఒక్కసారిగా 50 వేలు చేశారు. 14 రోజులదైతే 80 వేలు. పిల్లలకు సగం కాబట్టి మీ ముగ్గురికీ 2 లక్షల యెన్‌లు. యెన్‌ను 60 పైసలుగా లెక్కవేస్తే (నా లెక్కలన్నీ ఈ ధరకే) రూ.1.2 లక్షలు! అంత పెట్టినా అన్నిటికన్నా వేగంగా వెళ్లే నొజోమి రైలు ఎక్కాలంటే అదనంగా చెల్లించాలి.

పాస్ పక్కన పెట్టి ఒక కాగితం మీద దారి గీయండి. టోక్యోలో దిగండి, ఒసాకా దగ్గరి కన్సాయ్ విమానాశ్రయం నుంచి తిరిగి రండి. వెనక్కి టోక్యో వెళ్లే పని తప్పుతుంది. టోక్యో నుంచి క్యోటోకు పెద్దవారికి దాదాపు 14 వేలు, క్యోటో నుంచి హిరోషిమాకు 11,500, అక్కడి నుంచి ఒసాకాకు 10,500 యెన్‌లు. మొత్తం ఒక్కరికి 36 వేలు. మీ ఇద్దరికీ వేసి, పాపకు సగం కలుపుకుంటే 90 వేల యెన్‌లు, అంటే రూ.54 వేలు. పాస్‌లో సగం కూడా కాలేదు. ఈ సగం చార్జీ 12 ఏళ్లు నిండేవరకే, ఆ తర్వాత పూర్తి టికెట్ కొనాలి. ఈ లెక్కన వచ్చే మేలోనే వెళ్లిరావడం మీకు కలిసొస్తుంది.

క్యోటో రైలుకు సీటు తీసుకునేటప్పుడు ‘ఇ’ వరస అడగండి. కుడివైపు కిటికీ పక్క సీటు అదే. టోక్యో దాటిన ముప్పావు గంటకు, మబ్బు లేకపోతే, ఫుజి పర్వతం నిండుగా కనిపిస్తుంది. దీనికి పైసా అదనం లేదు. అయినా తృప్తి తీరకపోతే షింజుకు నుంచి కవగుచికో సరస్సుకు బస్సులో ఒక రోజు వెళ్లి రండి. కానీ ఆ టికెట్ ముందు రోజు వాతావరణం చూసుకునే కొనండి. కొండ ముఖం చాటేస్తే ఆ బస్సు డబ్బు ఎవరూ తిరిగివ్వరు.

చూసే చోట్లకు అయ్యే ఖర్చు విని మీరు నవ్వుతారు. క్యోటోలో వేల ఎర్ర తోరణాల ఫుషిమి ఇనారి మందిరం ఉచితం, రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. ఉదయం ఆరింటికి వెళ్లండి. తొమ్మిదయితే ఆ తోరణాల కింద మనుషుల తలలే కనిపిస్తాయి. టోక్యోలో సెన్సోజి ఆలయం, మెయిజి మందిరం ఉచితం. క్యోటోలో కింకకుజి, కియొమిజు ఆలయాలు ఒక్కోటి 500 యెన్‌లు. నారాలో మహాబుద్ధుడున్న తొదైజి 800. హిరోషిమా శాంతి మ్యూజియం 200. హిరోషిమా దారిలో వచ్చే హిమెజి కోట దగ్గర మాత్రం ఆలోచించండి. 2026 మార్చి నుంచి బయటి ఊరివారికి టికెట్ వెయ్యి నుంచి 2,500 అయింది. పిల్లలకు ఉచితమే. కోటలంటే ఇష్టముంటే దిగండి, లేకపోతే రైల్లోంచి చూసి సరిపెట్టుకోవచ్చు.

క్యోటోలో బస పన్ను కూడా అదే నెలలో పెరిగింది. గది అద్దెను బట్టి మనిషికి రాత్రికి 200 నుంచి 10 వేల యెన్‌ల దాకా ఉంటుంది. మీ స్థాయి గదులకు 200 లేదా 400. చాలాసార్లు బుకింగ్ ధరలో ఇది కనిపించదు, హోటల్ కౌంటర్ దగ్గర అడుగుతారు.

ఇక మొత్తం లెక్క. విమానం ముగ్గురికీ రూ.1.8 లక్షలు. రాత్రికి 18 వేల యెన్‌ల గది పదకొండు రాత్రులకు రూ.1.19 లక్షలు. రైళ్లు 54 వేలు. తిండి, ఊళ్లో తిరుగుళ్లు రోజుకు 12 వేల యెన్‌ల చొప్పున రూ.86 వేలు. చూసే చోట్ల టికెట్లకు 18 వేలు, వీసా, బీమా, ఫోన్ డేటాకు 20 వేలు. కలిపితే రూ.4.77 లక్షలు. పదో వంతు అదనంగా ఉంచుకుంటే రూ.5.25 లక్షలు. ట్రావెల్ సంస్థ అడిగిన దానికన్నా రెండు లక్షలకు పైగా తక్కువ. ప్యాకేజీ మీద 2 శాతం టీసీఎస్ (ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) కూడా తీసుకుంటారు. ఆదాయపు పన్ను రిటర్న్‌లో అది సర్దుబాటవుతుంది కానీ అందాకా మీ డబ్బు వాళ్ల దగ్గరే.

మీరు శాకాహారులో కాదో రాయలేదు. అయితే మాత్రం తిండి లెక్క కాస్త పెంచుకోండి. అక్కడ కూరగాయల పులుసులో కూడా చాలాసార్లు ఎండు చేప రసం ఉంటుంది. పులిహోర పొడి, ఉప్మా పొట్లాలు పెట్టెలో పడేసుకోవడం నామోషీ ఏమీ కాదు.

ఈ సొమ్ము సమకూర్చుకునే తీరు ఇదీ. డిపాజిట్‌లో సగం, అంటే రూ.2.25 లక్షలు, కదపకండి. ఇద్దరూ సంపాదిస్తున్నారు కాబట్టి నాలుగు నెలల ఇంటి ఖర్చు చేతిలో ఉంటే చాలు. మిగతా సగంతో డిసెంబర్, జనవరుల్లో విమాన టికెట్లు కొనండి. ఈ నెల నుంచే 20 వేల రికరింగ్ డిపాజిట్ మొదలుపెడితే మేకు రూ.2 లక్షలు. దాంతో రూ.4.25 లక్షలయ్యాయి. బోనస్ లక్ష వస్తే పూర్తిగా సరిపోతుంది. కానీ ‘రావచ్చు’ అని రాశారు చూడండి, ఆ మాటను నేను డబ్బుగా లెక్కించను. అందుకే హోటళ్లన్నీ ఉచితంగా రద్దు చేసుకునే పద్ధతిలోనే బుక్ చేయండి. మార్చిలో బోనస్ రాకపోతే హిరోషిమా తీసేసి, గదులు 14 వేల యెన్‌లవి చూసుకోండి. ఖర్చు రూ.4.2 లక్షల లోపుకు దిగుతుంది. ప్రయాణం కాస్త చిన్నదవుతుంది, అప్పు పుట్టదు.

యెన్‌లను జనవరి నుంచి మూడు నాలుగు విడతల్లో ఫారెక్స్ కార్డులో (విదేశీ డబ్బు ముందే నింపుకునే కార్డు) వేసుకోండి. ఏ రోజు చవకో కనిపెట్టే విద్య నాకు రాదు, మీకూ అక్కర్లేదు. మామూలు క్రెడిట్ కార్డు గీకితే 3.5 శాతం మార్కప్ (విదేశీ ఖర్చు మీద బ్యాంకు వేసే రుసుము), దాని మీద జీఎస్టీ. లక్షకు రూ.4,130 ఊరికే పోతాయి. దుకాణంలో మెషీన్ రూపాయల్లోనా, యెన్‌లలోనా అని అడిగితే యెన్‌లే నొక్కండి. విదేశీ పర్యాటకులకు పన్ను మినహాయింపు కొనుగోళ్ల పద్ధతి 2026 నవంబర్ నుంచి మారుతోంది. మీరు వెళ్లేసరికి దుకాణంలో పదిశాతం పన్ను చెల్లించి, తర్వాత వాపసు తీసుకోవాలి. ఆ మేరకు కార్డులో ఉంచుకోండి.

చివరగా పెట్టె. క్యోటో సిటీ బస్సుకు 230 యెన్‌లే కదా అని పెద్ద సూట్‌కేసుతో స్టాపులో నిలబడి, మూడు నిండు బస్సులు కళ్లముందే వెళ్లిపోవడం చూసి, చివరకు టాక్సీ ఎక్కినవాణ్ని నేను. టోక్యో–క్యోటో రైల్లో కూడా పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటిన సామానుకు ముందే ప్రత్యేక సీటు రిజర్వ్ చేసుకోవాలి. అది ఉచితం, మరిచిపోతే వెయ్యి యెన్‌లు కట్టాలి. కొత్త సూట్‌కేసు కొనేముందు టేపు పెట్టి కొలుచుకోండి.