చిటికెన వేలు చూపిస్తే టీచర్‌కు అర్థం కాలేదు

జూన్ 12న ఇక్కడ బడులు తెరిచారు. పొద్దున ఏడున్నర నుంచే హన్మకొండలో మా అమ్మవాళ్ల వీధి నిండా ఆటోలు, ఆటోల వెనక వేలాడే బ్యాగులు. డాలస్‌లో మా చిన్నదానికి సెలవులు మొదలై రెండు వారాలు కాలేదు, ఇక్కడి పిల్లల సెలవులు అప్పుడే అయిపోయాయి. నేను వచ్చానని తెలిసి మా చిన్నమ్మ కోడలు ఒక ప్లాస్టిక్ ఫైలు పట్టుకుని వచ్చింది. జులైలో వాళ్లు కూడా అమెరికాలో మేముండే వైపే ఉండటానికి వస్తున్నారు. కొడుకు ఇక్కడ రెండో తరగతి పూర్తి చేశాడు. కూర్చుంటూనే అడిగింది: "వదినె, అక్కడ ర్యాంకులు ఎట్లిస్తరు?"

ర్యాంకుల సంగతి తర్వాత, ముందు ఆ ఫైలు ఇటివ్వమన్నాను.

ఫైలులో ఆధార్ ఉంది, ప్రోగ్రెస్ కార్డులు ఉన్నాయి, టీకాల పుస్తకం మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. అక్కడ స్కూల్ వాళ్లు అన్నిటికన్నా ముందు చూసేది అదే. మన ప్రభుత్వ పట్టికలో తట్టు, రుబెల్లా టీకా మొదటి డోసు తొమ్మిదో నెలలో వేస్తారు. అమెరికాలో మొదటి పుట్టినరోజు కంటే ముందు వేసింది లెక్కలోకి రాదు. పైగా అందులో గవదబిళ్లల టీకా ఉండదు, అక్కడ మూడూ కలిపిన ఎమ్మెమ్మార్ రెండు డోసులు అడుగుతారు. ఆటలమ్మ టీకా మన ప్రభుత్వ పట్టికలోనే లేదు. మా డాలస్ ఉన్న టెక్సాస్ రాష్ట్రంలో అది రెండు డోసులు, హెపటైటిస్ ఎ రెండు డోసులు ఉండాలి. క్షయ రాకుండా వేసే బీసీజీ గురించి పట్టించుకోరు. ఏవి తక్కువున్నాయో పిల్లల డాక్టర్‌ని అడిగి, వీలైనవి ఇక్కడే వేయించుకుంటే ఖర్చు తక్కువ.

ఇంకొకటి, తారీఖులు. మా పెద్దోడు పుట్టింది జులై 20న. ఏడాది నిండాక ఆగస్టు 5న ఆటలమ్మ టీకా వేయించాం. డాక్టర్ గారు మన అలవాటు ప్రకారం 05-08 అని రాశారు. అమెరికాలో నెల ముందు, తేదీ తర్వాత. అక్కడి నర్సు దాన్ని మే 8 అని చదివి, ఏడాది నిండకముందే వేశారు, చెల్లదు అంది. చెప్పి ఒప్పించేంత ఇంగ్లిష్ అప్పట్లో నా దగ్గర లేదు, పిల్లాడు ఇంకో సూది పొడిపించుకున్నాడు. అందుకే డాక్టర్‌తో నెల పేరు అక్షరాల్లో రాయించి, సంతకం, ముద్ర వేయించుకోండి.

అక్కడ ప్రభుత్వ బడికి ఫీజు లేదు, డొనేషన్ లేదు. ఏ బడిలో చేరాలో మీ అడ్రస్‌ను బట్టి ఉంటుంది. అందుకని ముందు బడి చూసుకుని, ఆ పరిధిలో అపార్ట్‌మెంట్ వెతుక్కోవాలి. అద్దె అగ్రిమెంటు, కరెంటు బిల్లు అడుగుతారు. వీసా ఏంటని అడ్డుచెప్పి చేర్చుకోకుండా ఉండకూడదని 1982లోనే వాళ్ల సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మన ఆధార్ లాంటి సోషల్ సెక్యూరిటీ నంబర్ ఇంకా రాలేదని టెన్షన్ పడే పనీ లేదు. తరగతి మాత్రం ఎక్కువగా వయసును బట్టి ఇస్తారు. సెప్టెంబర్ 1 నాటికి ఐదు నిండితే కిండర్‌గార్టెన్, ఆరు నిండితే ఒకటో తరగతి. మా మరదలి కొడుక్కి ఎనిమిది నిండుతాయి కాబట్టి మూడో తరగతే. మావాడు ఇక్కడ ఒకటి చదివి వెళ్లి అక్కడ మళ్లీ ఒకటే చదివాడు. "ఏడాది వేస్ట్ అయింది" అని మా మామగారు ఇప్పటికీ అంటారు. ఆ ఏడాది వాడికి ఎంత అవసరమో దగ్గరుండి చూసింది నేను.

2012 ఆగస్టులో వాణ్ని చేర్చేటప్పుడు ఒక ఫారం ఇచ్చారు. ఇంట్లో ఎక్కువగా ఏ భాష మాట్లాడతారు, పిల్లాడు ఏ భాష మాట్లాడతాడు అని అందులో అడిగారు. తెలుగు అని రాస్తే వేరే క్లాసులో కూర్చోబెడతారని, తక్కువగా చూస్తారని అపార్ట్‌మెంట్‌లో ఎవరో చెప్పారు. మావాడు ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియమే కదా అని అన్నిచోట్లా ఇంగ్లిష్ అని రాసేశాను.

మూడో రోజో నాలుగో రోజో స్కూల్ నుంచి ఫోన్. వేరే ప్యాంటు పట్టుకుని రమ్మన్నారు. వెళ్లేసరికి నర్సు గదిలో తల వంచుకుని కూర్చున్నాడు. అక్కడ ఒక్క మాట మాట్లాడలేదు. సాయంత్రం అన్నం తింటుంటే చెప్పాడు. ఇక్కడి బడిలో ఒంటికి వస్తే చిటికెన వేలు చూపిస్తారు కదా, అట్లా చూపించాడట. టీచర్ నవ్వి, తన చిటికెన వేలు కూడా చూపించిందట. మళ్లీ చూపించాడు, ఆమె మళ్లీ నవ్వింది. "టీచర్ గూడ ఏలు చూపెట్టింది మమ్మీ, పొమ్మనలే" అన్నాడు.

ఆమె తప్పేం లేదు. ఇంట్లో ఇంగ్లిషే అని నేనే రాసిచ్చాను, ఆమె వాడికి సిగ్గెక్కువ అనుకుంది. డిసెంబర్ దాకా వాడు క్లాసులో నోరు విప్పలేదు. పుస్తకంలోని ఇంగ్లిష్ వాడికి వచ్చు, వాళ్లు గడగడా మాట్లాడే ఇంగ్లిష్ చెవికెక్కలేదు. ఆ ఫారంలో తెలుగు అని రాసి ఉంటే ఒక చిన్న పరీక్ష పెట్టేవాళ్లు. అందులో బాగా చేస్తే మామూలు క్లాసే, తగ్గితే రోజులో కాసేపు ఇంగ్లిష్ నేర్పే టీచర్ సాయం, అదీ ఉచితంగా. దాన్ని ఈఎస్ఎల్ అంటారు. అది మార్కుల్లోనో బుద్ధిలోనో తక్కువని వేసే ముద్ర కాదు. ఉన్నది ఉన్నట్టు రాయండి. వెళ్లేలోపు పిల్లాడికి 'రెస్ట్‌రూమ్' అనే మాట నేర్పించండి, అక్కడ టాయిలెట్‌ను అట్లా అంటారు.

ఇక ర్యాంకులు. చాలా ప్రాథమిక బడుల్లో చిన్న తరగతులకు మార్కులు కూడా ఉండవు. 1 నుంచి 4 దాకా అంకెలు వేస్తారు. మొదటి రిపోర్టులో అన్నీ 3లు చూసి, నాలుగుకు మూడంటే 75 శాతమే కదా అని మా ఆయన ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు. 3 అంటే ఆ తరగతికి రావాల్సింది వచ్చినట్టే. రాష్ట్రం పెట్టే పరీక్షలు మూడో తరగతిలో మొదలై ఎనిమిది దాకా ఏటా చదవడంలో, లెక్కల్లో ఉంటాయి. మా మరదలికి ఇది చెప్పగానే మొహంలో కళ వచ్చింది. అప్పుడే ట్యూషన్ గురించి అడగబోతే ఆపాను. రోజూ 20 నిమిషాలు గట్టిగా కథల పుస్తకం చదివించమన్నాను. లైబ్రరీలో పుస్తకాలు ఊరికే ఇస్తారు, ఒక్కసారికి సంచి నిండా తెచ్చుకోవచ్చు.

అక్టోబర్, నవంబర్‌లో టీచర్ తల్లిదండ్రుల్ని పిలుస్తుంది. మీకిచ్చేది పదిహేను, ఇరవై నిమిషాలే. ఆ టైమంతా మార్కుల మీదే పెట్టొద్దు. మధ్యాహ్నం ఎవరితో కూర్చుని తింటున్నాడు, అర్థం కాకపోతే చెయ్యెత్తి అడుగుతున్నాడా, ఇవి అడగండి. చదువులో గానీ మాటలో గానీ పిల్లాడికి ఏదైనా ఇబ్బంది ఉందని అనుమానం ఉంటే పరీక్షించమని కాగితం మీద రాసి అడిగే హక్కు మీకుంది. నోటితోనూ అడగొచ్చు, కానీ కాగితం మీద రాసిస్తేనే వాళ్లు గడువులోగా జవాబివ్వాలి.

తిండికి బాక్స్ పంపడమే మేలు. పప్పన్నమైనా సరే, పల్లీ పొడి మాత్రం ముందు అడగకుండా పెట్టకండి. పల్లీ పడని పిల్లలుంటారు, క్లాసులో ఒకరి డబ్బాలోది ఒకరు తినకూడదు. గొడ్డు మాంసం తినడని టీచర్‌కు రాసివ్వాలి, లేకపోతే వాళ్లకు తెలియదు. జ్వరం బిళ్ల బ్యాగులో పెట్టి పంపితే పెద్ద గొడవవుతుంది. మందేదైనా నర్సుకు ఫారంతో ఇవ్వాలి.

దెబ్బల మాట కూడా చెప్పాను, మా చిన్నమ్మ వింటుండగానే. పిల్లాడు "మమ్మీ కొట్టింది" అంటే టీచర్ అది విని ఊరుకోదు. హాని జరుగుతోందని అనుమానం వస్తే చట్టప్రకారం పిల్లల రక్షణ శాఖకు చెప్పి తీరాలి. "గట్లయితే ఎట్ల చెప్పినట్టు వింటడే?" అంది చిన్నమ్మ. వింటారు, మనమే అరవకుండా చెప్పడం నేర్చుకోవాలి. నాకు రెండేళ్లు పట్టింది.

చివరికి అసలు ప్రశ్న వచ్చింది. డిసెంబర్‌లో ఆమె తమ్ముడి పెళ్లి, మూడు వారాలు రావాలట. టెక్సాస్‌లో తరగతి లెక్కలోకి రావాలంటే బడి జరిగిన రోజుల్లో 90 శాతం హాజరుండాలి. ఏడాదికి 175 రోజులనుకుంటే మొత్తం పదిహేడు రోజులు మానొచ్చు, జలుబులూ జ్వరాలూ అందులోనే. పెళ్లికని మానితే ఆబ్సెంటే. క్రిస్మస్‌కు దాదాపు రెండు వారాలు సెలవులుంటాయి, ముహూర్తం అటు జరపమన్నాను. పురోహితుణ్ని అడుగుతానంది.

"మరి బతుకమ్మకు?" అంది లేస్తూ. దసరాకు అక్కడ సెలవుండదు. మతపరమైన పండుగ అని ముందే రాసిస్తే టెక్సాస్‌లో ఆ రోజును ఆబ్సెంట్‌గా లెక్కించరు, హోంవర్క్ తర్వాత ఇవ్వొచ్చు. కానీ మనవాళ్లు ఎక్కువగా శనివారం చూసుకునే ఆడతారు, బడి మానే పని పడదు. పూలకే ఇబ్బంది. తంగేడు, గునుగు దొరకవు, చామంతులతోనే పేర్చుకోవాలి.