కాలిఫోర్నియా ఉద్యోగంలో రాష్ట్ర పన్ను నిజంగా ఎంత పడుతుంది?

ప్రశ్న: మా అమ్మాయి డాలస్ దగ్గర ఎం.ఎస్. పూర్తి చేయబోతోంది. డాలస్‌లో ఏడాదికి 1,05,000 డాలర్ల ఉద్యోగం, కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో 1,20,000 డాలర్ల ఉద్యోగం వచ్చాయి. కాలిఫోర్నియా జీతంలో 9.3 శాతం పట్టుకుంటుందని, టెక్సాస్‌లో ఆ బాధ లేదని బంధువులు అంటున్నారు. గత వేసవిలో ఆమె శాన్ హోసేలో ఇంటర్న్‌షిప్ చేసినప్పుడు కూడా రాష్ట్ర పన్ను కోశారు. మేము ఏమని సలహా ఇవ్వాలి? – ఖమ్మం నుంచి ఒక తండ్రి

జవాబు: మన దగ్గర జీతంపై ఆదాయపు పన్ను కేంద్రానికే చెల్లిస్తాము, రాష్ట్రానికి వెళ్లేది నెలకు 200 రూపాయలు మించని వృత్తి పన్ను మాత్రమే. కాబట్టి అమెరికాలో ఫెడరల్ (కేంద్ర) పన్నుతో పాటు రాష్ట్రం కూడా విడిగా ఆదాయపు పన్ను వేస్తుందంటే మీకు ఆందోళన కలగడం సహజం. అక్కడ ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి. టెక్సాస్, ఫ్లోరిడా, వాషింగ్టన్ రాష్ట్రాలు జీతంపై పన్ను వేయవు. పెన్సిల్వేనియాలో అందరికీ ఒకటే రేటు, 3.07 శాతం. కాలిఫోర్నియాలో మాత్రం 1 శాతంతో మొదలై 12.3 శాతం వరకు వెళ్లే శ్లాబులు ఉన్నాయి.

మీ బంధువులు చెప్పిన 9.3 శాతం నిజమైన రేటే. అయితే అది జీతం మొత్తానికి వర్తించేది కాదు. 2024 ఆదాయానికి అమలైన శ్లాబులతో లెక్క చూద్దాం. ఇవి ధరల పెరుగుదలను బట్టి ఏటా కొద్దిగా మారుతుంటాయి. 1,20,000 డాలర్ల నుంచి ముందుగా 5,540 డాలర్ల స్టాండర్డ్ డిడక్షన్ తీసివేస్తే, పన్ను పడే ఆదాయం 1,14,460 డాలర్లు అవుతుంది. ఇందులో మొదటి 10,756 డాలర్లపై 1 శాతం, అక్కడి నుంచి 25,499 వరకు 2 శాతం, 40,245 వరకు 4 శాతం, 55,866 వరకు 6 శాతం, 70,606 వరకు 8 శాతం చొప్పున వేస్తే ఇంతవరకు 3,109 డాలర్లు. ఆపై మిగిలిన 43,854 డాలర్ల మీద మాత్రమే 9.3 శాతం పడుతుంది. అది 4,078 డాలర్లు. మొత్తం 7,187 డాలర్లలో 149 డాలర్ల వ్యక్తిగత మినహాయింపు పోగా, కట్టవలసింది 7,038 డాలర్లు. అంటే మొత్తం జీతంలో దాదాపు 5.9 శాతం. ఇదే అసలు రేటు. బంధువులు చెప్పినట్టే అయితే 11,160 డాలర్లు కట్టవలసి వచ్చేది.

దీనికి తోడు 2024లో ఉద్యోగుల వైకల్య బీమా కింద జీతం మొత్తంపై మరో 1.1 శాతం, అంటే 1,320 డాలర్లు కోశారు. ఈ కోతను చాలామంది లెక్కలోకి తీసుకోరు. రెండూ కలిపి రాష్ట్రానికి వెళ్లేది సుమారు 8,358 డాలర్లు, 7 శాతం.

పై శ్లాబు రేటుకు ఉపయోగం లేదని నా ఉద్దేశం కాదు. ఆమెకు 1,000 డాలర్ల బోనస్ వస్తే అందులో రాష్ట్ర పన్ను 93, బీమా కోత 11, ఫెడరల్ పన్ను 240 డాలర్లు పోగా చేతికి 656 వస్తాయి. జీతం పెరిగి పై శ్లాబులోకి వెళ్తే చేతికొచ్చేది తగ్గిపోతుందన్న భయం మాత్రం అక్కర్లేదు.

ఇక రెండు ఉద్యోగాలనూ పోల్చవలసింది పన్నులతో కాదు, చేతికి వచ్చే మొత్తంతో. శాన్ హోసేలో జీతం 15,000 డాలర్లు ఎక్కువ. ఆ అదనపు మొత్తంపై ఫెడరల్ పన్ను సుమారు 3,398 డాలర్లు, మొత్తం జీతంపై రాష్ట్ర కోతలు 8,358 డాలర్లు పోతే మిగిలేది ఏడాదికి 3,244 డాలర్లు, అంటే నెలకు 270. భారత్‌తో ఉన్న పన్ను ఒప్పందం వల్ల మన విద్యార్థులకు నాన్ రెసిడెంట్లుగా ఉన్నప్పుడు కూడా ఫెడరల్ స్టాండర్డ్ డిడక్షన్ లభిస్తుంది కనుక దానిని కలిపే ఈ లెక్క వేశాను. ఎఫ్-1 విద్యార్థి వీసాపై సాధారణంగా తొలి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు ఉండని సోషల్ సెక్యూరిటీ (పింఛను), మెడికేర్ (వృద్ధాప్య వైద్య బీమా) కోతలు హెచ్-1బీ ఉద్యోగ వీసా వచ్చాక మొదలవుతాయి. అప్పుడు ఈ 3,244 దాదాపు 2,100కు తగ్గుతుంది. శాన్ హోసే అద్దెలకూ డాలస్ అద్దెలకూ ఉన్న తేడాకు ఇది చాలదు.

కాబట్టి డబ్బు పరంగా డాలస్ ఉద్యోగం ఏమాత్రం తీసికట్టు కాదు, మొదటి ఒకటి రెండేళ్లు మిగులు అక్కడే ఎక్కువ. చదువు కోసం తీసుకున్న అప్పు నెలవారీ కిస్తీలు మీ మీద బరువుగా ఉంటే ఈ విషయాన్ని అమ్మాయికి దాచకుండా చెప్పండి. అటువంటి ఒత్తిడి లేకపోతే మాత్రం పన్నును పక్కన పెట్టి, ఏ బృందంలో ఆమె చదివిన పని దొరుకుతుంది, ఏ సంస్థ హెచ్-1బీకి దరఖాస్తు చేస్తానని రాతపూర్వకంగా చెబుతుంది అన్నవే అడగమనండి. వీసా విషయంలో స్పష్టత లేని ఉద్యోగాన్ని కొన్ని వేల డాలర్ల కోసం ఎంచుకోవడాన్ని నేను సమర్థించలేను.

ఇంటర్న్‌షిప్ సంగతి వేరుగా చూడాలి. టెక్సాస్‌లో నివాసం ఉంటూ వేసవికి మాత్రమే వెళ్లి పనిచేసినా, కాలిఫోర్నియాలో సంపాదించిన జీతానికి అక్కడ 540ఎన్ఆర్ అనే నాన్ రెసిడెంట్ రిటర్ను వేయాలి. జీతం ఇచ్చేటప్పుడు ఏడాది పొడవునా అదే వేతనం వస్తుందన్న అంచనాతో పన్ను కోస్తారు. ఆమె ఏడాది ఆదాయం ఆ కొద్ది నెలలదే అయితే అసలు పన్ను అంతకంటే తక్కువ పడి, కొంత వాపసు రావచ్చు. యజమాని ఇచ్చే డబ్ల్యూ-2 పత్రంలో రాష్ట్రానికి కోసిన మొత్తం విడిగా కనిపిస్తుంది. ఆ రిటర్ను ఇంకా వేయకపోతే ముందుగా ఆ పని చూడమనండి.