అట్ట వెనక చీటీ

చిరంజీవి అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన కవరు బుధవారం చేరింది. పద్నాలుగు చీటీలూ రెండేసిసార్లు చదివాను. ఎవరో పెద్దాయన కాలం చేశాక ఆయన పిల్లలు ఇంట్లో పుస్తకాలన్నీ గోనెసంచుల్లో కట్టి మీ వీధి లైబ్రరీకి ఇచ్చేశారనీ, ఒక్కోటీ చదివి, అట్ట లోపలివైపు అంటించడానికి నాలుగైదు వాక్యాల్లో అభిప్రాయం రాసిపెట్టమని నిన్నడిగారనీ మీ నాన్న ఫోన్లో చెప్పాడు. నవల పక్కన వంటల పుస్తకం, దాని కింద వరి సాగు, దాని కింద వేదాంతం. మన కోనసీమ ఇళ్ళల్లో అటక మీద పుస్తకాలు అలాగే ఉంటాయి, ఎండుకొబ్బరి వాసన వేస్తూ.

లైబ్రరీ కౌంటర్ వెనక ముప్ఫై ఏళ్ళు కూర్చున్నవాణ్ణి కాబట్టి ‘ఎలా ఉన్నాయో చూసి చెప్పు పెదనాన్నా’ అన్నావు. చెబుతాను, కోపం తెచ్చుకోకు. పద్నాలుగింటిలో పదకొండు చీటీల మీద ‘ప్రతి ఒక్కరూ తప్పక చదవాల్సిన పుస్తకం’ అని ఉంది. వరి సాగు పుస్తకం మీద కూడా! బ్యాంకులో పనిచేసే మీ పిన్ని సుడిదోమ నివారణ గురించి తప్పక ఎందుకు చదవాలమ్మా?

నీ చీటీ చదివేది ఎవరో ఒకసారి ఊహించుకో. బీరువా ముందు నిలబడి ఉంటాడు. ఒక చేతిలో తడిసిన గొడుగు, రెండో చేత్తో పుస్తకం లాగి అట్ట తిప్పాడు. బస్సుకి ఇంకా పది నిమిషాలే ఉంది. పట్టుకెళ్ళాలా, తిరిగి పెట్టెయ్యాలా అన్నది ఆ పది నిమిషాల్లో తేల్చుకోవాలి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్న మనిషి ఆయన. నువ్వు రాసేది ఆయనకి. రచయితకి కాదు, నిన్ను మెచ్చుకునే లెక్చరర్‌కీ కాదు. నేను చెప్పదలుచుకున్నది మొత్తం ఇదే, మిగిలినవన్నీ దీని పిలకలు.

నా సర్వీసులో చూసిన అన్నిటికంటే మంచి అభిప్రాయం ఎవరు రాశారో చెప్పనా? ఓ రైతు. మా లైబ్రరీలో కౌంటర్ మీద ఒక లాంగ్ నోట్‌బుక్కుని పురికొసతో బల్లకి కట్టి ఉంచేవాణ్ణి, పుస్తకం తిరిగిచ్చేటప్పుడు ఎవరికి తోచింది వాళ్ళు రాసేవాళ్ళు. సగం మంది ‘బాగుంది’ అని సంతకం పెట్టేవాళ్ళు. ఈయన నాలుగెకరాల కౌలు రైతు, మారుటేరు వరి పరిశోధనా కేంద్రం వాళ్ళ స్వర్ణ రకం వేసేవాడు. ఎరువుల మీద ఏదో చిన్న పుస్తకం తీసుకెళ్ళి, పంట చేతికొచ్చాక గానీ తిరిగివ్వలేదు. ఆలస్యానికి జరిమానా కట్టి, బల్ల దగ్గరే నిలబడి రాశాడు: ‘పుస్తకం మంచిదే. ఎరువుల లెక్క హెక్టారుకి ఉంది, ఎకరానికి కాదు. చూసుకోండి. నేను చూసుకోలేదు.’

హెక్టారంటే సుమారు రెండున్నర ఎకరాలు. ఆ లెక్క ఎకరానికి వేస్తే రెండున్నర రెట్లు యూరియా పడుతుంది. చేను నల్లగా ఏపుగా ఎదిగి, దోమ పట్టి, గాలి కొడితే చాప చుట్టినట్టు పడిపోతుంది. ఆయనకు జరిగింది అదే. అయినా పుస్తకాన్ని తిట్టలేదు చూశావా? మంచిదే అన్నాడు. లోపం ఏ వరసలో ఉందో చెప్పాడు, తన తప్పు ఒప్పుకున్నాడు, తర్వాత వచ్చే రైతుని కాపాడాడు. నాలుగు చిన్న వాక్యాలు. నీ వరి సాగు చీటీలో ‘రైతే రాజు’ అని మొదలుపెట్టి పదకొండు వరసలు రాశావు, అందులో లెక్క ఎకరానికో హెక్టారుకో లేదు. ఆ పుస్తకం మళ్ళీ తీసి చూడు.

వంటల పుస్తకం చీటీ దగ్గర మీ పెద్దమ్మ నవ్వింది. ‘రుచికరమైన వంటకాలు ఉన్నాయి’ అన్నావు. వండావా? వండకుండా రుచి ఎలా తెలిసింది? పనసపొట్టు కూర ఎలా చేయాలని రాశారో చూడమని నీకు ఫోన్ చేస్తే, ‘కూర పొయ్యి మీద ఉడుకుతుండగా ఆవముద్ద కలపాలి’ అని చదివావు. అమ్మలూ, ఆవ పొయ్యి మీద ఉడికితే చేదెక్కుతుంది. దించి, కాస్త సెగ తగ్గాక కలుపుతారు. అది మన వీధిలో ఏ అమ్మమ్మనడిగినా చెబుతుంది. వంటల పుస్తకంలో కనీసం మూడు చేసి చూడు, ఒకటి నీకు ముందే వచ్చినది, రెండు అసలు రానివి. వచ్చినదాన్ని బట్టి ఆ పుస్తకం రాసినావిడ ఎంత నిజం చెబుతోందో తెలుస్తుంది. రానివాటిని బట్టి కొత్తవాళ్ళకి అర్థమయ్యేలా రాసిందా లేదా తెలుస్తుంది. ‘తగినంత ఉప్పు’ అని ఎన్నిచోట్ల ఉందో కూడా లెక్కపెట్టు, సరదాకి.

ఇప్పుడు నా తప్పొకటి. చాలా ఏళ్ళ కిందట మా ఊరి మనిషే ఒకాయన కవితల పుస్తకం వేసుకున్నాడు. ఆవిష్కరణకి పిలిచి, పూలదండ వేసి, కాజాలు పెట్టాడు. మర్నాడు నోట్‌బుక్కులో నేనే మొదటి పేజీ నిండా పొగిడాను. చదివినవి ఆరు కవితలు. మన ఊరు, మన గోదారి, మన మనిషి అన్న ఊపులో రాసేశాను. వారం తర్వాత ఓ రిటైర్డ్ మాస్టారు ఆ పుస్తకం తిరిగిస్తూ, ‘ఏవండీ, మీరు రాశారని పట్టుకెళ్ళానండీ’ అన్నారు. అంతే. ఇంకో మాట అనలేదు. ఆ తర్వాత ఆయన నన్నడిగి పుస్తకం తీసుకోవడం మానేశారు, బీరువాలో తనే వెతుక్కునేవారు. రెండేళ్ళు పట్టింది మళ్ళీ ‘ఏం చదవమంటారు’ అని అడగడానికి. మనవాళ్ళు రాసినదైతే ఆ సంగతి చీటీలోనే చెప్పు, ‘మా ఊరి ఆయన’ అని. చదివేవాడు పొగడ్తలోంచి ఎంత తీసెయ్యాలో తనే తీసేసుకుంటాడు.

‘గాలివాన’ ఉన్న కథల సంపుటం చీటీకి వస్తాను. 1952లో ఆ కథకి న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథానికల పోటీలో రెండో బహుమతి వచ్చిందని రాశావు. నిజమే. పాలగుమ్మి పద్మరాజు గారు వశిష్ఠకి అవతల అత్తిలి దగ్గర తిరుపతిపురంలో పుట్టారని రాశావు. అదీ నిజమే. కానీ అది సమాచారం, అభిప్రాయం కాదు. బహుమతి ఇచ్చినవాళ్ళ అభిప్రాయం 1952లోనే అయిపోయింది. నీదేది?

నా అభిప్రాయం రెండుసార్లు మారింది, చెబుతాను. కుర్రతనంలో చదివినప్పుడు ‘తుపానును కళ్ళకు కట్టారు’ అని రాశాను, అందరూ రాసే మాటే. 1996 నవంబరు 6 రాత్రి మన కోనసీమ మీద ఆ గాలి వచ్చింది. నువ్వప్పటికి పుట్టలేదు. మా పెరట్లో కొబ్బరిచెట్లు ఒక్కటి నిలవలేదు, ఇంటి పెంకులు కాగితాల్లా లేచిపోయాయి. వారాల తరబడి కరెంటు లేదు. ఏం తోచక, లాంతరు దగ్గర పెట్టుకుని ఆ కథ మళ్ళీ తీశాను, గాలిని ఎంత బాగా రాశారో చూద్దామని. చూస్తే అందులో గాలి నేననుకున్నంత లేదు. ఉన్నదంతా ఆ కథలోని రావుగారే. తన సిద్ధాంతాల మీద అంత గట్టి నమ్మకమున్న పెద్దమనిషి, రైల్లో చీదరించుకున్న ముష్టిమనిషినే ఆ రాత్రి ఒళ్ళు గడ్డకట్టుకుపోతుంటే పట్టుకు వేళ్ళాడటం. మా వీధిలో ఎన్నడూ మాటల్లేని రెండిళ్ళ వాళ్ళు ఆ రాత్రి ఒకే శ్లాబు కింద కూర్చున్నారు, అది చూసి వచ్చి చదివాను మరి. ముప్ఫై దాటాక ఒకలా, అరవై దాటాక ఇంకోలా తోచింది. రెండోది ఇక్కడ రాయను, నీ బుర్ర పాడుచెయ్యడం ఎందుకు. అందుకే చీటీ కింద తేదీ వెయ్యమంటాను. అది ఆ రోజు నీ మాట. పదేళ్ళకి మార్చుకోవాలనిపిస్తే పాతది పీకకు, పక్కన ఇంకోటి అంటించు.

‘రాజశేఖర చరిత్రము’ మీద ‘భాష కష్టం, బోర్’ అని రెండే ముక్కలు రాశావు. బోర్ కొట్టడం కూడా అభిప్రాయమే, కాదనను. ఎక్కడ కొట్టింది? మూడో పేజీలోనే అయితే అది నీ నాలుక అలవాటు సంగతి. నూరో పేజీలో అయితే వీరేశలింగం గారి సంగతి. 1880లో పుస్తకంగా వచ్చిన గ్రాంథికం అది, కళ్ళతో చదివితే అడుగడుగునా కాలికి తగులుతుంది. పైకి చదువు. మొదలవడమే ధవళేశ్వరంతో, గోదావరితో మొదలవుతుంది. బొబ్బర్లంక మీదుగా బ్యారేజీ దాటి రాజమండ్రి వెళ్ళేటప్పుడు నువ్వు కిటికీలోంచి చూసే ఊరే. గోల్డ్‌స్మిత్ ఇంగ్లీషు నవల ఒకదాని దారం పట్టుకుని మన ఊళ్ళో, మన శకునాల పిచ్చి మధ్య అల్లిన కథ. ఓ పదిహేను పేజీలు పైకి చదివి, అప్పటికీ నచ్చకపోతే నచ్చలేదనే రాయి, ఎవరూ ఏమీ అనరు. పాతది కదా అని దండం పెట్టి వదిలెయ్యకు, పాతదని తోసెయ్యకు.

‘కన్యాశుల్కం’ చీటీ మీద ఏ కూర్పో రాయి. 1897లో అచ్చయినదీ, 1909లో గురజాడ మళ్ళీ రాసి పెంచినదీ పక్కపక్కన పెడితే ఒక నాటకంలా ఉండవు. మా లైబ్రరీ అరుగు మీద ఇద్దరు ఓ పూటంతా ఆ నాటకం మీద వాదించుకున్నారు, ఇద్దరూ చదివింది వేర్వేరు అని తేలేసరికి టీ చల్లారిపోయింది.

బెంగాలీ నవల చీటీలో ‘రచయిత భాష సరళం’ అన్నావు. నువ్వు చదివింది తెలుగు చేసినాయన వాక్యం. ఆయన పేరు లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది, వెతికి చీటీకి ఎక్కించు. డిటెక్టివ్ నవల చీటీలో హంతకుడెవరో చెప్పేశావు, అది చింపెయ్యి. పద్యాల పుస్తకానికి తాత్పర్యం రాయకు, ఒక్క పద్యం ఎంచి అది ఎందుకు నోట్లో నిలిచిందో చెప్పు. పిల్లల బొమ్మల పుస్తకం నువ్వు చదివి ఏం లాభం? పక్కింటి బుడ్డోడికిచ్చి, ఏ పేజీ దగ్గర ‘మళ్ళీ చెప్పు’ అంటాడో చూడు. వేదాంతం పుస్తకం మీద ‘సగం చదివాను, నాకు అర్థం కాలేదు’ అని రాశావు చూడు, ఆ ఒక్క చీటీ మాత్రం అక్షరం మార్చకు. పద్నాలుగింటిలో అదే నాకు బాగా నచ్చింది.

చివరిగా ఆ ఉమ్మడి కుటుంబం నవల. దాని మీద నీకు బాగా కోపం వచ్చినట్టుంది. ‘ఐదో అధ్యాయంలో పెళ్ళిపీటల మీదున్న పిల్ల ఆరో అధ్యాయంలో ఇద్దరు బిడ్డల తల్లి. మధ్యలో ఏమైందో రచయిత్రికే తెలియదు. కథ నడపడం రాని రచన’ అని కడిగేశావు. నాకు ఆశ్చర్యం వేసింది. ఆ నవల మా ఇంట్లో ఉంది, మీ పెద్దమ్మ నాలుగుసార్లు చదివింది, అలాంటి గెంతు ఏమీ లేదు. మీ నాన్నకి ఫోన్ చేసి పుస్తకం పేజీలు చూడమన్నాను. 64 తర్వాత 81 ఉందిట.

పుస్తకం ఒక్కో పేజీగా అచ్చవదు అమ్మలూ. పెద్ద కాగితం మీద పదహారు పేజీలు కలిపి వేసి మడతపెడతారు, దాన్ని ఫారం అంటారు. ఫారాలన్నీ వరసగా పేర్చి కుడతారు. పేర్చేటప్పుడు ఒక ఫారం జారిపోయింది. సరిగ్గా పదహారు పేజీలు. ఆ పిల్ల కాపురం, పురుళ్ళు, అత్తగారితో వేరుపడటం అంతా అందులోనే ఉంది. ఇక ముందు ఏ పుస్తకం మీదైనా కోపం వస్తే కలం తీసే ముందు పేజీ నంబర్లు చూడు.

ఆ పదహారు పేజీలూ మా ప్రతిలోంచి రాజోల్లో జిరాక్స్ తీయించాను. శనివారం మీ పెద్దమ్మ అమలాపురం వస్తోంది, ఆవిడ చేత పంపిస్తున్నాను, కొట్టిన పనసపొట్టు కూడా. మైదా ఉడికించి జిగురు చేసుకో, చిటికెడు మైలుతుత్తం కలిపితే పురుగు పట్టదు, చేతులు బాగా కడుక్కో. 64కీ 81కీ మధ్య అంటించి, ఆరాక చదివి ఆ చీటీ మళ్ళీ రాయి. ఆ రచయిత్రిని తిట్టిన చీటీ మాత్రం పారెయ్యకుండా నాకు పంపించు, మీ పెద్దమ్మ మళ్ళీ చూపించమంటోంది.

ఇట్లు,
మీ పెదనాన్న