వాడేవాణ్ని నేరస్థుడిగా చూడకపోతే వాడకం పెరిగిపోతుందా?

మత్తుమందుల వాడకాన్ని నేరాల లెక్కలోంచి తీసేస్తే, అసలే గంజాయి పండే మన ఒడిశా సరిహద్దు జిల్లాలు ఏమైపోతాయని మీరు అడిగారు. పర్లాకిమిడిలో నేను 22 ఏళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. ఒకప్పుడు నాకూ మీకున్న అనుమానమే ఉండేది. అది ఎలా మారిందో చెప్పి, ఆ తర్వాత చట్టం దగ్గరికి వస్తాను.

కొన్నేళ్ల కిందట మా వీధి చివరింటి కుర్రవాడు, మాటలు వచ్చినప్పటి నుంచి నన్ను బాబాయ్ అని పిలిచినవాడు, వారానికి రెండు మూడుసార్లు వచ్చి 2 ఎం.ఎల్. సిరంజిలు అడిగేవాడు. ఎవరికని అడిగితే అమ్మమ్మకు అన్నాడు. ఆవిడ పోయి అప్పటికే ఏడాది దాటింది. ఇక నా షాపు మెట్లెక్కవద్దని కోప్పడి పంపేశాను, చేయవలసిన పనే చేశాననుకున్నాను. మళ్లీ వాణ్ని చూసింది నడి మే నెలలో, మణికట్టు దాకా గుండీలు పెట్టుకున్న నిండు చేతుల చొక్కాలో, తల్లి వెంట. చొక్కా పైకి మడిస్తే మోచేతి మడతలో కోడిగుడ్డంత చీముగడ్డ, దాని కింద నల్లబడి తాళ్లలా గట్టిపడిన నరాలు కనిపించాయి. నేను సిరంజి ఇవ్వనన్నందుకు వాడు మానలేదు, మరో ఇద్దరితో కలిసి ఒకే సూది వాడాడు. పెద్దాసుపత్రికి వెళదామంటే తల్లి ఒప్పుకోలేదు. "కేసైపోతే నా గుంటడి బతుకు ఏటైపోద్ది బాబూ?" అని ఏడ్చింది. అంతకు ముందు వారం వాళ్లు వెళ్లిన ఒకచోట చీటీ రాసే మనిషే పోలీసుల పేరెత్తి వెనక్కి పంపాడట.

ఆమె భయానికి ఆధారం లేకపోలేదు. మనం ఎన్‌డీపీఎస్ అని పిలిచే 1985 నాటి మత్తుమందుల చట్టం, 27వ సెక్షన్ కింద, వాడటాన్నే నేరంగా చెబుతుంది. హెరాయిన్, కొకైన్, మార్ఫిన్ వంటివాటికి ఏడాది దాకా, మిగిలిన చాలావాటికి ఆరు నెలల దాకా జైలు ఉంది. అయితే అదే చట్టంలోని 64ఏ సెక్షన్ ప్రకారం, వ్యసనానికి లోబడినవాడు తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోనో, ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలోనో చికిత్సకు చేరితే, వాడకానికీ కొద్ది మోతాదుకూ సంబంధించిన కేసు అతనిపై నడపకూడదు. చికిత్స మధ్యలో మానేస్తే మాత్రం ఆ రక్షణను తీసేయవచ్చు. ఇన్నేళ్లుగా మందులు అమ్ముతున్న నాకే ఈ సంగతి ఆ తర్వాత గానీ తెలియలేదు, ఆ తల్లికి ఎవరు చెబుతారు?

ఎలాగో ఒప్పించి బరంపురం తీసుకువెళ్లాను. గడ్డ కోసి చీము తీశారు. రక్తపరీక్షలో హెచ్‌ఐవీ లేదు గానీ, ఒకే సూది పంచుకుంటే సోకే కాలేయ జబ్బు హెపటైటిస్-సి బయటపడింది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద 12 వారాల మాత్రలు ఉచితంగా అందాయి, ఆ జబ్బు నయమైంది. నేను ఇవ్వనన్న సిరంజి ఖరీదు పది రూపాయల లోపు. సూదితో మత్తు ఎక్కించుకునేవారికి కొత్త సిరంజిలు ఇవ్వడం, మత్తుకు బదులుగా నాలుక కింద పెట్టుకునే బ్యూప్రెనార్ఫిన్ మాత్రను సిబ్బంది ఎదుటే రోజూ ఇవ్వడం మన జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఎన్నో ఏళ్లుగా చేయిస్తున్న పనులే. హాని తగ్గింపు అంటే ఇదే. ఒక చేత్తో సిరంజి ఇచ్చే ప్రభుత్వమే మరో చేత్తో కేసు పెడుతుంటే, ఆ కేంద్రం గడప తొక్కే ధైర్యం ఎవరికి ఉంటుంది?

ఇక వాడకం పెరుగుతుందా అన్న మాట. పోర్చుగల్ 2001 జూలై నుంచి, పది రోజుల వాడకానికి మించని మోతాదు దగ్గరున్నవారిని కోర్టుకు కాకుండా వైద్యం, చట్టం, సమాజసేవ తెలిసినవారు కూర్చునే కమిషన్ ముందుకు పంపుతోంది. అమ్మకం అక్కడ నేటికీ నేరమే. చాలామంది భయపడినట్టు వాడకం ఉప్పెనలా పెరగలేదు, సూదుల వల్ల కొత్తగా వచ్చే హెచ్‌ఐవీ కేసులు బాగా పడిపోయాయి. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం 2021లో శిక్ష తీసేసింది గానీ, చికిత్స కేంద్రాలకు డబ్బు చేరడం ఆలస్యమైంది. 100 డాలర్ల జరిమానా చీటీతో పాటు సాయం కోసం ఇచ్చిన ఫోను నంబరుకు ఫోను చేసినవారు బహు కొద్దిమంది. అదే సమయంలో కొద్ది మోతాదుకే ప్రాణం తీసే ఫెంటానిల్ అనే మత్తుమందు వచ్చిపడింది. 2024 సెప్టెంబరు నుంచి అక్కడ మళ్లీ నేరమైంది. అందుకే, చికిత్సకు చోటు చూపించకుండా శిక్ష మాత్రమే తీసేయమని నేను అనను. మన జిల్లాల్లో మొదట ఆ చోటు ఏర్పడాలి.

మల్కన్‌గిరి, కొరాపుట్, గజపతి కొండల గంజాయి సాగు వేరే విషయం. 20 కిలోలు మించి పట్టుబడితే పదేళ్లకు తగ్గని జైలు ఉంది, వాడేవాణ్ని రోగిగా చూసినంత మాత్రాన అది మారదు.

ఇప్పుడు డాక్టరు చీటీ లేనిదే, మత్తుకు కూడా వాడే నొప్పి ఇంజక్షన్ ఎవరికీ ఇవ్వను, సిరంజి అడిగితే మాత్రం కాదనను. ఆ పొట్లం మీద 14446 అని పెన్నుతో రాస్తాను. అది మత్తు మానాలనుకునేవారి కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉచిత ఫోను నంబరు. గత ఏడాదిలో ముగ్గురు వెనక్కి వచ్చి ఆ నంబరు ఏమిటని అడిగారు. వాళ్లలో ఒకామె, కొడుకు జేబులో ఆ పొట్లం దొరికిన తల్లి.