8 నెలల లాబ్రడార్ ముందు కాలి కుంటుకు సమాధానం

మీ 8 నెలల లాబ్రడార్ కుక్క నిద్ర లేవగానే ముందు ఎడమ కాలు కుంటుతోందని, కాసేపు నడిచాక సర్దుకుంటోందని, పాదంలో ముల్లేమీ లేదని రాశారు. ఈ జాతిలో, ఈ వయసులో ఇటువంటి కుంటు కనిపిస్తే నేను మొదట అనుమానించేది మోచేతి కీలునే. పెరిగే దశలో అక్కడి మూడు ఎముకలు ఒకదానితో ఒకటి సరిగా అమరకపోతే మృదులాస్థి (కీలులో ఎముకల చివరలను కప్పే నున్నటి పొర) ఒరిసిపోయి, కొన్నిసార్లు చిన్న ఎముక ముక్క విరిగి, క్రమేణా అది కీళ్లవాతానికి దారితీస్తుంది.

మీరున్న తిరుపతిలోనే శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది కనుక, అక్కడి వైద్యులకు చూపించి రెండు మోచేతులకూ ఎక్స్‌రే తీయించండి. కుంటేది ఒక కాలే అయినా లోపం తరచు రెండింటిలోనూ ఉంటుంది. తొలిదశలో ఎక్స్‌రేలో ఏమీ తేలకపోతే సీటీ స్కాన్ అవసరం కావచ్చు. ముక్క విరిగిందని తేలితే శస్త్రచికిత్స గురించి వారే చెబుతారు.

బలం కోసమని మీరు కలుపుతున్న కాల్షియం పొడిని మాత్రం వైద్యుడిని అడిగేవరకు ఆపండి, ఎందుకంటే పెద్ద జాతి కుక్కపిల్లలలో అదనపు కాల్షియం ఎముకల పెరుగుదలనే చెడగొడుతుంది. మనుషుల పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ వేయకండి. పక్కటెముకలు చేతికి తగిలేంత సన్నగా ఉంచండి (బొద్దుగా ఉంటేనే ముద్దని మనవాళ్లు అంటారు గానీ, ఆ బరువు మోసేది ఆ కీలే). బంతి వెంట పరుగులు మాన్పించి, తాడు పట్టుకుని కొద్దిదూరం నడిపించండి; నున్నటి టైల్స్ మీద గోనెపట్టా పరవండి.