సైనిక వైద్యులు పాలనాధికారులు కాగలరా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాదులో ఎం.బి.బి.ఎస్. చివరి సంవత్సరం చదువుతోంది. ముందు సైనిక వైద్య విభాగంలో షార్ట్ సర్వీస్ కమిషన్ (పరిమిత కాలపు అధికారి కొలువు) మీద చేరి, ఆ తరవాత సివిల్ సర్వీసెస్ పరీక్ష రాస్తానంటోంది. సైన్యంలో వైద్యుడిగా మొదలై పెద్ద పరిపాలన పదవికి చేరినవారు ఎవరైనా ఉన్నారా? అలా వెళ్తే చదివిన వైద్యం వృథా కాదా?
– ఒక తండ్రి, తిరుమలగిరి

జవాబు: ఉన్నారు. వారిలో అమెరికాకు చెందిన లెనర్డ్ వుడ్ చరిత్ర మీ ప్రశ్నకు బాగా సరిపోతుంది. 1884లో హార్వర్డ్‌లో వైద్యపట్టా పుచ్చుకొని, మరుసటి ఏడు అరిజోనాలో సైన్యానికి కాంట్రాక్టు సర్జన్‌గా కుదిరిన వుడ్, అధ్యక్షుడు మెకిన్లీకి వైద్యుడై, 1898లో స్పెయిన్‌తో జరిగిన యుద్ధంలో ఒక స్వచ్ఛంద అశ్వికదళాన్ని నడిపి, 1899 చివర క్యూబాకు సైనిక గవర్నరయ్యాడు. తరవాత 1910 నుంచి 1914 దాకా అమెరికా సైన్యానికి చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా, 1921 నుంచి 1927లో మరణించేదాకా ఫిలిప్పీన్స్ గవర్నర్ జనరల్‌గా పనిచేశాడు.

చదివిన వైద్యం ఏమైందన్నదానికి జవాబు క్యూబాలో ఉంది. మీకు దగ్గర్లోని బేగంపేటలో 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని గుర్తించిన రొనాల్డ్ రాస్ కూడా సైనిక వైద్యుడే. కాని తన పనిని తానే నడుపుకొనే అధికారం ఆయనకు లేదు. కొద్ది వారాలకే రాజపుతానా (నేటి రాజస్థాన్)లోని ఖేర్వారాకు వెళ్లమని ఉత్తర్వు రావడంతో అంతటి పరిశోధన నెలల తరబడి నిలిచిపోయింది. 1900లో హవానాలో ఇందుకు భిన్నంగా జరిగింది. పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) దోమ వల్ల వస్తుందని క్యూబా వైద్యుడు కార్లోస్ ఫిన్లే 1881లోనే చెప్పిన మాటను పరీక్షించడానికి సైనిక వైద్యుడు వాల్టర్ రీడ్ బృందానికి డబ్బూ, మనుషులపై ప్రయోగం చేయడానికి అనుమతీ కావలసి వచ్చాయి. ఆ విన్నపం అందుకున్న గవర్నరు వుడ్ తానే వైద్యుడు కాబట్టి దాని విలువ వెంటనే గ్రహించి, 10,000 డాలర్లు మంజూరు చేశాడు. స్వచ్ఛందంగా వచ్చినవారి దగ్గర రాతపూర్వకంగా సమ్మతి తీసుకున్నాకే ప్రయోగాలు జరిపారు. దోమే కారణమని తేలాక, నగర పారిశుద్ధ్యాధికారి విలియం గోర్గాస్ నీటి తొట్లకు మూతలు పెట్టించి, నిలవ నీటిపై కిరసనాయిలు చల్లించి, 1901 ముగిసేలోపే హవానాను పచ్చజ్వరం నుంచి విముక్తం చేశాడు. ఆయనా సైనిక వైద్యుడే. అన్నిటికంటె నన్ను కదిలించేది ఈ ఘట్టమే: ఏ దస్త్రం వెనక ప్రాణాలున్నాయో ఎరిగినవాడు సంతకం పెట్టే చోట కూర్చోవడం ఎంత అవసరమో ఇది చూపిస్తుంది.

అయితే వైద్యుడు పాలకుడైతే దయ దానంతట అదే వస్తుందని మీ అమ్మాయికి చెప్పకండి. 1906 మార్చిలో ఫిలిప్పీన్స్‌లోని హోలో దీవిలో, బుద్ దాహో అగ్నిపర్వత బిలంలో తలదాచుకున్న మోరో ప్రజలపై (అక్కడి ముస్లిములపై) ఇదే వుడ్ ఆధ్వర్యంలోని సేన దాడి చేసినప్పుడు స్త్రీలు, పిల్లలతో సహా వందలాది మంది చనిపోయారు. దాన్ని ఆయన సమర్థించుకున్నాడు. క్యూబాలో చేసిన మేలు ఈ నెత్తుటిని కడగదని నా నమ్మకం.

ఇక మన నియమాల సంగతి. షార్ట్ సర్వీస్ కమిషన్ తొలి గడువు 5 ఏళ్లు. ఆపై పొడిగించుకుంటే 14 ఏళ్ల దాకా ఉండవచ్చు. సివిల్ సర్వీసెస్‌కు సాధారణ వర్గం అభ్యర్థుల గరిష్ఠ వయసు 32 ఏళ్లు కాగా, కనీసం 5 ఏళ్లు సైనిక సేవ చేసి విడుదలైన కమిషన్డ్ అధికారులకు 5 ఏళ్ల వరకు సడలింపు ఉంది. మెయిన్స్‌లో వైద్యశాస్త్రాన్నే ఐచ్ఛికాంశంగా తీసుకోవచ్చు. దానికి 500 మార్కులు. కాబట్టి మీ అమ్మాయి తొలి ఐదేళ్లూ పూర్తిచేశాకే బయటికి రావడం మంచిది.