ఎనిమిది నెలలైనా ఈ ఊరు అలవాటు కాలేదు, తిరిగి వెళ్లిపోనా?

ప్రశ్న: మాది కాకినాడ. నా వయసు 33. పదేళ్లపాటు ఒక ప్రైవేటు స్కూల్లో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పాను. మా వారికి గురుగ్రామ్‌లో మంచి ఉద్యోగం రావడంతో పోయిన మే నెలలో నేను ఉద్యోగం మానేసి, ఏడేళ్ల పాపతో సహా ఇక్కడికి వచ్చేశాం. మొదట్లో బాగానే అనిపించింది. దీపావళి దాటినప్పటి నుంచి ఏదీ బాగోవడం లేదు. ఆయన పొద్దున తొమ్మిదికి వెళ్తే రాత్రి తొమ్మిదికి వస్తారు. హిందీ అర్థమవుతుంది, మాట్లాడాలంటే మాత్రం నోరు పెగలదు. రోజుకు నాలుగైదుసార్లు అమ్మకు ఫోన్ చేస్తాను. పెట్టేశాక ఏడుపొస్తుంది. మొన్న పండక్కి భోగి మంట కూడా లేకుండా ఫ్లాట్‌లో తలుపులేసుకుని కూర్చున్నాం. పాప గడగడా హిందీ మాట్లాడుతూ, ఫ్రెండ్స్ ముందు నా హిందీకి నవ్వుతోంది. ‘అందరూ ఉంటున్నారుగా, నువ్వే అడ్జస్ట్ కావట్లేదు’ అంటారు మా వారు. అమ్మేమో పాపను తీసుకుని ఒక ఏడాది వచ్చేయమంటోంది. తప్పు నాలోనే ఉందా? వెళ్లిపోనా?
– ఒక సోదరి, గురుగ్రామ్

జవాబు: తప్పు మీలో లేదు. మీ ఇంట్లో ముగ్గురూ ఊరు మారారు గానీ, ముగ్గురికీ జరిగింది ఒకటి కాదు. మీ వారికి వచ్చిన రోజునుంచే ఆఫీసు ఉంది, పలకరించే మనుషులున్నారు, చేయాల్సిన పని ఉంది. పాపకు తరగతి నిండా పిల్లలున్నారు. మీకు దక్కింది ఫ్లాటు తాళంచెవి ఒక్కటే. పైగా వాళ్లిద్దరికీ అక్కడిది వదిలితే ఇక్కడ దాని బదులు మరొకటి దొరికింది. మీరు వదిలిన దానికి బదులు ఇంకా ఏదీ రాలేదు.

మీ ఉత్తరంలో ఉద్యోగం గురించి రాసింది రెండు ముక్కలే. మిగతాదంతా హిందీ, పండగ, అమ్మ, పాప. నాకు మాత్రం ఆ రెండు ముక్కల దగ్గరే అసలు విషయం ఉందనిపిస్తోంది. పదేళ్లు లెక్కలు చెప్పిన మనిషికి ఊళ్లో ఎన్ని తలుపులు తెరిచి ఉంటాయో ఆలోచించండి. స్టాఫ్ రూమ్‌లో మాటలు, బజారుకెళ్తే ఆగి ‘మా వాడు ఎలా చదువుతున్నాడు మేడమ్’ అని అడిగే తల్లిదండ్రులు, ఎప్పుడో చదువుకుని ఇంజినీరింగ్‌లో చేరి కనిపించే పిల్లలు, నెల తిరిగేసరికి చేతికొచ్చే సొంత జీతం. ఇవన్నీ ఒకే నెలలో పోయాయి. మీరు కాకినాడ మీద బెంగ అనుకుంటున్న దాంట్లో సగం పైగా ఆ టీచరు మీద బెంగే. ఇది గుర్తించకపోతే, ఊరు అలవాటైనా మనసు కుదుటపడదు.

ఇక ‘మొదట్లో బాగానే ఉంది, తర్వాత చెడింది’ అన్న మాట. మీకది వింతగా తోచినట్టుంది. 1955లో లిస్‌గార్డ్ అనే నార్వే సామాజిక శాస్త్రవేత్త, అమెరికాలో చదువు కోసం ఉండి వచ్చిన తన దేశస్థులను పలకరించి ఒక సంగతి గమనించారు. ఆరు నెలల లోపు ఉన్నవాళ్లూ, ఏడాదిన్నర దాటి ఉన్నవాళ్లూ బాగానే కుదురుకున్నారట. మధ్యలో ఉన్నవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడ్డారట. అందరికీ ఇలాగే జరగాలని లేదు, కొందరికి మొదటి రోజులే కష్టమని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. కానీ మీ కథ ఈ దారిలోనే నడుస్తోంది. కొత్త ఇల్లు సర్దుకోవడం, స్కూల్ అడ్మిషన్, గ్యాస్ కనెక్షన్, ఇవన్నీ ఉన్నన్నాళ్లూ పనిలో పడి తెలియలేదు. సర్దడం అయిపోయాక రోజు ఖాళీ అయింది. సరిగ్గా అప్పుడే చలికాలం వచ్చింది.

చలిని తక్కువ అంచనా వేయకండి. సముద్రపు ఊళ్లో పెరిగిన మనిషికి ఉత్తరాది జనవరి శరీరానికే కాదు, మనసుకూ కొత్తే. ఏడుంబావుకు గానీ పొద్దు పొడవదు, పొగమంచు పడితే పదకొండైనా సూర్యుడు కనిపించడు. దానికి ముందు నవంబరులో పొగ, కళ్ల మంటలు, మూసిన కిటికీలు. ఆ రోజుల్లో అందరూ తలుపులేసుకుంటారు. అది చూసి మీరు ‘ఇక్కడివాళ్లు ఎవరితోనూ కలవరు’ అనుకుని ఉండొచ్చు.

అదే జనవరిలో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు మధ్య, ఎండ కాసిన రోజున మీ సొసైటీ పార్కులోకి వెళ్లి చూడండి. ఆడవాళ్లు కుర్చీలు, చాపలు వేసుకుని ఎండకు వీపు పెట్టి కూర్చుంటారు. ఒకరు బఠాణీలు ఒలుస్తుంటారు, ఒకరు వేరుశనగలు తింటుంటారు, పెద్దావిడలు స్వెట్టర్లు అల్లుతుంటారు. మన ఊళ్లో సాయంత్రం అరుగు మీద జరిగేదే అక్కడ మధ్యాహ్నం ఎండలో జరుగుతుంది. మీరు ఆ సమయంలో ఇంట్లో అమ్మతో ఫోన్లో ఉన్నారేమో. భోగి మంట లేదని బాధపడ్డారు. జనవరి 13న అక్కడ లోహ్రీ మంట వేస్తారు. మీ సొసైటీలోనూ వేసే ఉంటారు. చుట్టూ తిరిగి నువ్వులు, వేరుశనగలు, పేలాలు మంటలో వేసి అందరికీ పంచుతారు. మీరు తలుపు తీసి కిందికి దిగి ఉంటే ఎవరో ఒకరు మీ పాప చేతిలో రేవ్డీ అనే నువ్వుల మిఠాయి పెట్టేవాళ్లు. నిందించడానికి ఈ మాట అనడం లేదు. ఆ రోజు మీకు కిందికి దిగే ఓపిక కూడా లేదని నాకు తెలుసు. వచ్చే ఏడాది దిగండి.

స్నేహానికి గంటలు కావాలి. అమెరికాలో కాన్సాస్ యూనివర్సిటీలో జెఫ్రీ హాల్ అనే ప్రొఫెసర్, కొత్త ఊరికి వచ్చి ఆరు నెలలు దాటని వాళ్లను అడిగి 2018లో ఒక లెక్క చెప్పారు. ముఖ పరిచయం మామూలు స్నేహం కావడానికి సుమారు 50 గంటలు కలిసి గడపాలి, అసలు సిసలు స్నేహానికి 90 దాకా, ప్రాణ స్నేహానికి 200 పైగా. అక్కడి అంకెలు మనకు అచ్చంగా వర్తించకపోవచ్చు. అయినా మీరు లెక్కల టీచరు కదా, వేసి చూడండి. అదే మనుషుల మధ్య వారానికి నాలుగు రోజులు గంట చొప్పున కూర్చుంటే 50 గంటలకు మూడు నెలలు పడుతుంది. వారానికొకసారి లిఫ్టులో నవ్వితే ఏళ్లు పడుతుంది. కాబట్టి పది చోట్ల తిరగాల్సిన పని లేదు. ఒకే చోటికి, ఒకే వేళకి, మళ్లీ మళ్లీ వెళ్లండి. పార్కులో ఎండ, పాప స్కూల్ బస్సు ఆగే చోటు, వారంలో ఒకరోజు రోడ్డు పక్కన పెట్టే సంత, ఈ మూడూ చాలు. కూరలమ్మే అతనికి మీ ముఖం గుర్తుండి, అడగకుండానే కొత్తిమీర, పచ్చిమిర్చి సంచిలో వేస్తే అదీ ఊళ్లో మీకు దొరికిన ఒక పలకరింపే.

అమ్మకు ఫోన్ మానమని చెప్పను. రోజుకు ఒక్కసారి చేయండి, రాత్రి భోజనాలయ్యాక చేయండి. నాలుగైదుసార్లు చేస్తున్నప్పుడు చెప్పడానికి కొత్తగా ఏమీ ఉండదు. ఉన్న దిగులే తిరిగి తిరిగి మాటల్లోకి వస్తుంది. అటు అమ్మకూ టెన్షన్. ‘వచ్చేయ్’ అని ఆవిడ అంటున్నది ఆ ఏడుపు విని అంటున్న మాట. ఈ మార్పు ఎందుకో అమ్మకు ముందే చెప్పండి, లేకపోతే మీరు దూరం పెడుతున్నారనుకుని కంగారుపడతారు.

హిందీ విషయం. ఆరో తరగతి నుంచి చదువుకున్న హిందీ మీకు చదవడం, రాయడం నేర్పింది, నోటికి పని చెప్పలేదు. లింగం తప్పుతుందని, ‘హై’ బదులు ‘హైఁ’ వస్తుందని భయం. బస్సు దగ్గర కలిసే తల్లులు మీ వ్యాకరణం దిద్దడానికి రారు. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయితో రోజూ పది నిమిషాలు హిందీలోనే మాట్లాడండి, తప్పులతోనే. పాప నవ్వుతోందన్నారు. ఏడేళ్ల పిల్లకు ఒక విషయంలో అమ్మ కంటే ముందున్నానన్న సంబరం అది. కానీ నలుగురిలో నవ్వితే మీకు నొప్పి కలుగుతుందని ఇంట్లో, ఇద్దరే ఉన్నప్పుడు నెమ్మదిగా చెప్పండి. ‘బయట నవ్వకు, ఇంటికొచ్చి నాకు నేర్పు’ అనండి. రాత్రి పూట తను మీకు అయిదు హిందీ వాక్యాలు, మీరు తనకు అయిదు తెలుగు వాక్యాలు చదివించుకోండి. దాని తెలుగు జారిపోకుండా ఉండడానికీ ఇదే దారి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది, మీ పని. అక్కడి సీబీఎస్ఈ బడుల్లో విద్యా సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. అంటే కొత్త టీచర్ల కోసం వెతికేది ఇప్పుడే. లెక్కలు ఇంగ్లీషు మీడియంలో చెప్పడానికి హిందీ పాండిత్యం అక్కర్లేదు. మీ పదేళ్ల అనుభవం రాసి ఇంటికి దగ్గరలోని బడులన్నిటికీ ఈ వారమే పంపండి. కేంద్రం పెట్టే టీచర్ల అర్హత పరీక్ష సీటెట్ రాయకపోతే వచ్చే నోటిఫికేషన్‌కు కట్టండి. ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది, భాషా పేపర్లలో తెలుగు ఎంచుకోవచ్చు. ఉద్యోగం వెంటనే రాకపోయినా ఆగకండి. మీ టవర్‌లో ఏడో తరగతో ఎనిమిదో తరగతో చదివే ఇద్దరు పిల్లలకు ట్యూషన్ మొదలుపెట్టండి. సొసైటీ వాట్సాప్ గ్రూపులో రెండు వాక్యాలు పెడితే చాలు. పిల్లలొస్తారు, వాళ్ల వెంట తల్లులొస్తారు. ఎనిమిది నెలలుగా మీరు ఫలానా ఫ్లాట్ ఆవిడ. మార్చి పరీక్షల నాటికి లెక్కల మేడమ్ అవుతారు.

మీ ప్రాంతపు మనిషి ఒకరు నాకు గుర్తొస్తున్నారు. 1909లో రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ చిన్న వయసులోనే అక్కడ ఆడపిల్లలకు హిందీ నేర్పే బడి పెట్టారు. 1923లో మీ కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగినప్పుడు ఆ అమ్మాయి వాలంటీరు. ఆవిడే తర్వాత ఢిల్లీలో తెలుగు కుటుంబాల పిల్లల చదువు కోసం 1948లో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీని మొదలుపెట్టారు. ఆ బడులు ఇప్పటికీ నడుస్తున్నాయి. గురుగ్రామ్ నుంచి రోజూ వెళ్లిరావడం కుదురుతుందో లేదో చూసుకుని, అక్కడా ప్రయత్నించండి. తెలుగు మాట వినాలనిపించిన ఆదివారం మెట్రో ఎల్లో లైన్ ఎక్కి సెంట్రల్ సెక్రటేరియట్ దాకా వెళ్తే ఆంధ్రాభవన్ క్యాంటీన్ దగ్గరే. పప్పు, పచ్చడి, చుట్టూ తెలుగు మాటలు. నెలకొకసారి అది మందులా పనిచేస్తుంది. వారం వారం అక్కడికే పరిగెత్తితే మాత్రం మీ వీధి మీకు ఎప్పటికీ కొత్తగానే ఉంటుంది.

మీ వారు ఈ జవాబు చదివితే బాగుంటుంది, అందుకే ఆయనతోనే చెబుతున్నాను. అయ్యా, ‘నాకిక్కడ బాగోలేదు’ అని మీ భార్య అన్నప్పుడు, ఊరు మారుద్దామన్న మీ నిర్ణయాన్ని తప్పుపడుతున్నట్టు మీకు వినిపిస్తోందేమో. ఆవిడ అడుగుతున్నది తోడు. మీ కెరీర్ కోసం ఆవిడ పదేళ్ల ఉద్యోగం వదులుకుంది. ఆ మాట ఒక్కసారైనా మీ నోటితో ఆవిడకు చెప్పారా? ‘అడ్జస్ట్’ అన్న మాట కొన్నాళ్లు ఇంట్లో వాడకండి. వారంలో రెండు రోజులైనా ఏడున్నరకు ఇంటికి రండి. శనివారం పొద్దున పాపను మీరు చూసుకోండి, ఆవిడ ఇంటర్వ్యూలకు తయారవుతుందో, ట్యూషన్ చెబుతుందో ఆవిడ ఇష్టం. మీ ఆఫీసులో భార్యాపిల్లలతో ఉన్నవాళ్లను నెలకొకసారి ఇంటికి పిలవండి, వంట బయటినుంచి తెప్పించి.

అమ్మా, ఇంకొక సంగతి శ్రద్ధగా వినండి. ఊరి బెంగ వచ్చిపోతూ ఉంటుంది, మధ్యలో నవ్వు కూడా వస్తుంది. అలా కాకుండా రెండు వారాలకు పైగా రోజులో ఎక్కువసేపు దిగులుగానే ఉండి, నిద్ర, ఆకలి చెడి, పాపతో ఆడుకోవాలని కూడా అనిపించకపోతే అది డాక్టరుకు చూపించాల్సిన డిప్రెషన్ కావచ్చు. సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లడానికి సంకోచించకండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ ఉంది, నంబరు 14416. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. బతకడం ఎందుకు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా మర్నాటిదాకా ఆగొద్దు. అప్పుడే ఫోన్ చేయండి, మీ వారికీ చెప్పండి.

ఇక వెళ్లిపోవాలా అన్న ప్రశ్న. ఇప్పుడు వద్దు. పాపకు మార్చిలో పరీక్షలు. పైగా ఆంధ్రాలో బడులు తెరిచేది జూన్‌లో, కాబట్టి మే నెల దాకా ఆగినా అమ్మ చెప్పిన దారి మూసుకుపోదు. మీరు మాత్రం చలి, ఏడుపు, ఒంటరితనం మధ్య నిర్ణయం తీసుకోకుండా బయటపడతారు. ‘ఒక్క ఏడాదే’ అని వెళ్లినవాళ్లకు ఆ ఏడాది సాగడం నేను చాలా ఇళ్లలో చూశాను. ఏడాది తర్వాత తిరిగొచ్చినా మీరు మళ్లీ మొదటి రోజునుంచే మొదలుపెట్టాలి, పాపేమో నాన్నకు దూరంగా ఏడాది పెరిగి ఉంటుంది. కానీ అమ్మను చూడాలనిపించడం తప్పేమీ కాదు. పరీక్షలయ్యాక, ఏప్రిల్‌లో కొత్త తరగతి మొదలయ్యే లోపు పది రోజులు దొరుకుతాయి. ఆంధ్రప్రదేశ్ ఎక్స్‌ప్రెస్‌లో సామర్లకోటకు రానూపోనూ టికెట్లు బుకింగ్ తెరవగానే తీసుకోండి. మే నెలలో మీరూ ఆయనా కూర్చుని, ఈ నాలుగు నెలల్లో ఏం మారిందో చూసుకుని మాట్లాడుకోండి. అప్పటికి మీరు పనిలో పడి ఉండి, అయినా ఇక్కడ ఊపిరాడడం లేదనిపిస్తే, అప్పుడు వెళ్లడం ఇద్దరూ కలిసి తీసుకున్న నిర్ణయం అవుతుంది. ఆయన ఎప్పటికి బదిలీ అడగగలరు, మధ్యలో ఎన్నిసార్లు వస్తారు, ఖర్చు ఎలా అన్నవి కాగితం మీద రాసుకునే వెళ్లండి.